బురద అంటని నట్టు

"పది గంటల నలభై రెండు నిమిషాల పది సెకన్లకి ఇంజిన్ ఆగిపోయింది," అంది లెక్కల టీచరు. "తొమ్మిదీ కాదు, పదకొండూ కాదు. పది."

ఆసుపత్రి రెండో అంతస్తులో ఆడవాళ్ల వార్డు. కిటికీ పక్క మంచం మీద ఆవిడ కోడలు కదలకుండా పడుకుని ఉంది. ఎడమ కాలికి తొడదాకా కట్టు, నుదుటి మీద పన్నెండు కుట్లు. నాలుగు రోజుల కింద క్లబ్బు ప్రదర్శనకి సాధనగా ఆకాశంలో గిరికీలు కొడుతుండగా ఇంజిన్ మొరాయించి, దున్నిన పొలంలో ముక్కు దిగేసిన ఎర్ర విమానాన్ని నడిపింది ఆ అమ్మాయే.

స్టూలు మీద కూర్చున్న డిటెక్టివ్‌ని అందరూ పానా అని పిలుస్తారు. ఇరవై ఏళ్లు విమాన ఇంజిన్లు విప్పి బిగించిన మెకానిక్కు. మోకాలు దెబ్బతిని ఆ పని మానేశాక ఈ పనిలోకి వచ్చింది. ఆవిడ హ్యాండ్‌బ్యాగులో దువ్వెన లేని రోజులుంటాయి గానీ చిన్న పానా లేని రోజు ఉండదు.

ఆ సాయంత్రం నాలుగింటికి ఫ్లయింగ్ క్లబ్బులో విచారణ. కుర్చీలో కూర్చునేది క్లబ్బు ప్రెసిడెంటు. బీమా కంపెనీ పరిశోధకుడు రాసిచ్చిన రిపోర్టులో తేలింది ఒక్కటే: తప్పంతా పైలట్‌ది. ఆ మాట నిలబడితే ఆ అమ్మాయి లైసెన్సు పోయినట్టే. కోడలి తరఫున పానాని వెతుక్కుంటూ వచ్చింది ఈ అత్తగారే.

"నీకు గుర్తున్నంత వరకు చెప్పమ్మా," అంది పానా.

"విమానాన్ని తల్లకిందులు చేశానక్కా. బెల్టులు భుజాల్ని కోసేస్తున్నాయి. ఇంజిన్ ఒక్కసారి దగ్గింది. అంతే. మళ్లీ కళ్లు తెరిస్తే ఈ సీలింగ్ ఫ్యాను." ఆ అమ్మాయి దుప్పటి అంచు పిడికిట్లో పట్టుకుంది. "మీట ఎటు పెట్టానో ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు. ఆయన రాసిందే నిజమేమో. నేనే మర్చిపోయానేమో."

"నోర్ముయ్," అంది అత్తగారు. "పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోతావు. విమానంలో ఏదీ మర్చిపోవు నువ్వు."

ఆ విమానానికి రెండు చోట్ల ఇంధనం ఉంటుంది. రెక్కల్లో ఉండేది మామూలుగా ఎగిరేటప్పటికి. తల్లకిందులు కావాలంటే మాత్రం నేల వదిలేటప్పట్నుంచే సీటు కింద ఉన్న పొట్ట ట్యాంకు వాడాలి. దాంట్లో మెత్తటి రబ్బరు గొట్టం ఒకటి ఉంటుంది, దాని చివర ఇత్తడి బరువు. విమానం తిరగబడితే ఇంధనం ఎటు పడుతుందో ఆ బరువూ అటే పడుతుంది, గొట్టాన్ని వెంట లాక్కుపోతుంది. మెకానిక్కులు దాన్ని తోక అంటారు. ఇంజిన్ ఏ ట్యాంకులోంచి తాగాలో చెప్పే మీట పైలట్ మోకాలి పక్కన ఉంటుంది. కూలిన విమానంలో ఆ మీట రెక్కల వైపు తిరిగి ఉంది. బీమా వాళ్ల కేసంతా ఆ మీట మీదే నిలబడింది.

"పుస్తకం ఇటివ్వండి టీచరు గారూ."

కోడలు ఎగిరిన ప్రతిసారీ కంచె దగ్గర స్టాప్‌వాచీ పట్టుకుని నిలబడటం ఆవిడకి అలవాటు. గళ్ల నోటు పుస్తకంలో అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. పదిన్నరకి నేల వదిలింది. పది నలభై రెండుకి తల్లకిందులు. పదో సెకనుకి ఇంజిన్ ఆగింది. పన్నెండుకి విమానం మళ్లీ నిటారుగా తిరిగింది. పదిహేడుకి ఇంజిన్ అందుకుంది. ఇరవై మూడుకి నేల.

"పడిపోతోందని కళ్లకి కనబడుతూనే ఉంది. నా వేలు మాత్రం బొత్తాం మీదే ఉంది," అంది లెక్కల టీచరు, కోడలి వైపు చూడకుండా. "తర్వాత నా మీద నాకే అసహ్యం వేసింది."

"ఆ వేలే ఇవాళ మనకి దిక్కు," అని పానా ఒక పేజీ వెనక్కి తిప్పింది. "ఎనిమిది రోజుల కిందట... 'ఇంజిన్ దగ్గింది, పదహారో సెకను.' ఇదేంటమ్మా?"

"అప్పుడే ఫిర్యాదు రాసిచ్చానక్కా, తోక బిర్రబిగిసినట్టుంది చూడమని. మర్నాడే మార్చేశాం అని వర్క్‌షాప్ రికార్డులో రాశారు. మళ్లీ తల్లకిందులు చెయ్యడం ప్రమాదం రోజే."

ఆ రికార్డు పానా పొద్దున్నే చూసింది. వరండాలోకి వచ్చి క్లబ్బు హెడ్ ఇన్‌స్ట్రక్టరుకి ఫోన్ చేసింది. "పసుపు విమానానికి బ్రేకులు బాగాలేవని మూలన పెట్టారట కదా? ఎవరికీ చెప్పకుండా ఆ బ్రేకులు మీరే ఒకసారి చూడండి. రెండున్నరకి మీతో పనుంది."

* * *

ఒంటిగంటా పది నిమిషాలకి పానా కూలిన విమానం ఉంచిన షెడ్డు తలుపు దగ్గరికి చేరింది. బీమా పరిశోధకుడు అప్పటికే అక్కడున్నాడు. ఎంత ఎండైనా మెడ నుంచి టై ఊడదు కాబట్టి ఆయన పేరు టై అయిపోయింది. ఇదివరకు రెండు కేసుల్లో పానాని ఓడించిన మనిషి. ఆ సంగతి ఆయన మర్చిపోడు, ఆవిడని మర్చిపోనివ్వడు.

"రండి మేడం. ఈసారి ఏ గాలిలోంచి సాక్ష్యం పట్టుకొచ్చారు?"

"మీ రిపోర్టులోంచే తెచ్చాను. మూడో పేజీ చదివి పెడతారా? కళ్లద్దాలు తేలేదు."

టై నవ్వుతూ చదివాడు. "ప్రమాదం జరిగిన గంటలో కొలిచిన ఇంధనం. రెక్క ట్యాంకులు అంచుదాకా నిండుగా. పొట్ట ట్యాంకు సగానికి దిగువన. ట్యాంకులు వేటికీ పగుళ్లు లేవు, కారిన ఆనవాలు లేదు."

"పొద్దున మూడూ నింపారు కదా?"

"నింపారు."

"పన్నెండు నిమిషాలు ఎగిరింది. మీట రెక్కల వైపే ఉంటే, పన్నెండు నిమిషాలు ఇంజిన్ తాగింది ఎక్కడిది? నిండుగా ఉన్న రెక్కల్లోదా, సగమైన పొట్టలోదా?"

టై నవ్వు పెదవుల మీదే ఆగింది. మూడో పేజీ మళ్లీ చదువుకున్నాడు. రాసింది తనే. సంతకం కూడా తనదే.

"మరి మీట రెక్కల వైపు ఎలా ఉంది?"

"ఆ అమ్మాయే తిప్పింది. పదో సెకనుకి ఇంజిన్ ఆగింది. పన్నెండుకి విమానాన్ని నిటారుగా తిప్పింది. పొట్ట ట్యాంకు మోసం చేసిందని గ్రహించి మీట రెక్కల వైపు తోసింది. అక్కణ్ణుంచి ఇంధనం చేరేసరికి పదిహేడు. ఇంజిన్ అందుకుంది. ఆ ఊపుతోనే కంచె మీదుగా, జనం నెత్తిమీదుగా దాటించి పొలంలో దింపింది. మీరు తప్పు అని రాసిన ఆ పనే ఆ రోజు అక్కడ నిలబడ్డ అందరి ప్రాణాలూ కాపాడింది."

టై మెడ దగ్గర ముడి సర్దుకున్నాడు. తేలిగ్గా లొంగే రకం కాదు. "సరే, మీట సంగతి ఒప్పుకుంటాను. అయితే పొట్ట ట్యాంకు ఎందుకు మోసం చేసింది? తోక కొత్తది మేడం. నిన్న మూత తీసి లైటు వేసి చూశాను. పుల్లతో కదిపితే పాములా అటూ ఇటూ పడింది. తోక బాగుంది, ట్యాంకులో ఇంధనం ఉంది. ఇంక మిగిలింది పైలటే. ఇంజిన్ జోరు తగ్గించే థ్రాటిల్ ఎక్కువ వెనక్కి లాగి ఉంటుంది. నాలుగింటికి నా మాట మారదు, కారణం మారుతుంది. అంతే."

"లోపలికి పదండి. మీరు దేన్నీ ముట్టుకోకండి."

"ఇది నా సీలు వేసిన షెడ్డు!"

"అందుకే అడుగుతున్నా. తోక బిగించి ఉండే నట్టుని మీరు విప్పారా?"

"లేదు. పైనుంచి చూశానన్నాను కదా."

"తుడిచారా? వేలు పెట్టారా?"

"ఆ నట్టు జోలికే పోలేదు," అన్నాడు టై విసుగ్గా. "కావాలంటే రాసిస్తాను."

"రాసివ్వండి," అంది పానా. తమాషాకి కాదు. కాగితం చేతికి వచ్చేదాకా కదల్లేదు.

ఎర్ర విమానం ముక్కు నలిగిపోయి, నేల రేకు చీరుకుపోయి ఉంది. ముందురోజు రాత్రి వాన పడ్డ పొలంలో దిగింది కాబట్టి ఆ చీలికలోంచి బురద లోపలికి చిమ్మింది. సీటు కింద అంతా ఎండిన మట్టి పెచ్చులే. పానా మోకాలు నొప్పిని పళ్ల బిగువున అదిమిపెట్టి నేల మీద పడుకుని తల లోపలికి దూర్చింది. టార్చి వేసింది. నిమిషం, రెండు నిమిషాలు ఆ వెలుగు లోపలే తిరిగింది.

"ఏమైంది? నిద్రపోయారా?" అన్నాడు టై.

"టై పక్కకి వేసుకుని మీరూ పడుకోండి."

ఆయన సణుక్కుంటూ పక్కన బోర్లా పడుకున్నాడు. టార్చి వెలుగు ఒక్కో చోట ఆగుతూ వెళ్లింది. ట్యాంకు మీద బురద. పైపు మీద బురద. బోల్టుల మీద, క్లిప్పుల మీద, వైర్ల మీద చిటికెన వేలు మందాన ఎండిన బురద. ఆ మధ్యలో, అరచేయంత మేర ట్యాంకు రేకు తళతళలాడుతోంది. దాని నడుమ నట్టు, ఇప్పుడే పెట్టెలోంచి తీసినట్టు మెరుస్తోంది.

"బురద అన్నిటి మీదా పడి, దీన్నొక్కదాన్నే వదిలేసిందంటారా?" అడిగింది పానా.

టై ఆ నట్టు వైపు వేలు చాచి, ముట్టుకోకుండానే వెనక్కి తీసుకున్నాడు.

ఆవిడ బ్యాగులోంచి పానా తీసి నట్టు వదులు చేసింది. తోక బయటికి వచ్చింది. మెత్తగా, వంగుతూ, కొత్త రబ్బరు వాసనతో. విమాన ఇంధనానికి నీలం రంగు కలుపుతారు. ట్యాంకు లోపల సగానికి కాస్త కిందుగా ఆ నీలం చార గీత గీసినట్టుంది. తోక మీద గానీ, ఇత్తడి బరువు మీద గానీ ఎక్కడా నీలం ఛాయ లేదు.

"ప్రమాదం రోజు సాయంత్రమే భద్రత కోసం ఇంధనం తోడేశారు. ఈ తోక ఆ తర్వాత వచ్చింది. దీనికి ఇంధనం రుచే తెలీదు. ఇప్పుడు చెప్పండి, సీలు వేసిన మీ షెడ్డులోకి ఎవరొచ్చారు?"

టై లేచి గోడకున్న రిజిస్టరు అందుకున్నాడు. చూపుడువేలితో పేజీ కిందికి వెతికాడు. "నేను కాక ఒక్కడే. ప్రమాదం మర్నాడు వర్క్‌షాప్ ఇన్‌ఛార్జి. నిప్పు రాజుకోకుండా బ్యాటరీ తీస్తానన్నాడు. అనుమతి నేనే ఇచ్చాను. లోపలికి పది అయిదు, బయటికి పది యాభై."

"బ్యాటరీకి ఎన్ని బోల్టులు?"

"రెండు."

"రెండు బోల్టులకి నలభై అయిదు నిమిషాలు," అంది పానా. "నేను నేర్పితే అయిదు నిమిషాల్లో మీరే తీస్తారు. ఖాళీ ట్యాంకులో తోక మార్చడానికైతే ఆ ముప్పావుగంట చాలు."

టై మొహం ఎర్రబడింది. ఆయన మూర్ఖుడు కావచ్చు గానీ దొంగ కాదు. "పిలిపించనా వాణ్ణి?"

"రెండున్నరకి పిలిపించండి. ఒక్క నిమిషం కూడా ముందు వద్దు."

* * *

వర్క్‌షాప్ ఇన్‌ఛార్జి యాభై ఏళ్ల మనిషి. లోపలికి వస్తూనే విమానం పక్కన పరిచి ఉన్న తోకని చూశాడు, వెంటనే చూపు తిప్పేసుకున్నాడు.

"ఎనిమిది రోజుల కిందట ఫిర్యాదు వచ్చింది. మర్నాడు మూడు విమానాలకీ తోకలు మార్చామని రాశారు. మీ సంతకమేనా?" అడిగింది పానా.

"నాదే మేడం."

"ఒక్క తోక మార్చాలంటే ఇంధనం తోడి, ట్యాంకు విప్పి, మళ్లీ బిగించి, కారుతోందేమో చూడాలి. ఎంతసేపు పడుతుంది?"

"ఒక పూట."

"రోజుకి పూటలెన్ని?"

ఆయన జేబులోంచి గుడ్డ తీసి వేళ్లు తుడుచుకున్నాడు.

"రెండే కదా ఇన్‌ఛార్జి గారూ. మూడో పూట ఎక్కణ్ణుంచి తెచ్చారు?"

"కుర్రాళ్లు సాయం పట్టారు."

"హాజరు పట్టీ చూశాను. ఆ రోజు మీరొక్కరే." పానా గొంతు పెంచలేదు. "పోనీ ఇది చెప్పండి. ప్రమాదం జరిగిన గంటలోనే మిగతా రెండు విమానాల్నీ బ్రేకులు బాగాలేవని ఆపేశారు. ముందురోజుదాకా బాగున్న బ్రేకులు ఒకేసారి రెండిటికీ ఎలా పోయాయి?"

అప్పుడే షెడ్డు రేకులు సన్నగా అదిరాయి. పైన ఎక్కడో ఇంజిన్ చప్పుడు. ఇన్‌ఛార్జి తలెత్తాడు. ముప్ఫై ఏళ్లుగా ఆ చప్పుళ్ల మధ్యే బతికిన చెవులు. మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

"అది... పసుపు విమానం."

"అవును. బ్రేకులు బాగానే ఉన్నాయట. హెడ్ ఇన్‌స్ట్రక్టరు గారు తీసుకెళ్లారు," అంది పానా. హెడ్ ఇన్‌స్ట్రక్టరు ఇన్‌ఛార్జికి స్వయానా బావమరిది. "ప్రదర్శన వాయిదా పడింది కదా, సాధన చెయ్యాలి. ఇంకో నిమిషంలో తల్లకిందులు చేస్తారు. తోక కొత్తదే అయినప్పుడు మీకెందుకు భయం?"

చప్పుడు దగ్గరయింది. ఇన్‌ఛార్జి కళ్లు పైకప్పుకి అతుక్కుపోయాయి. టై చెయ్యి ఫోన్ మీదికి వెళ్లింది. పానా కంటితోనే ఆపింది. ఇంజిన్ సరిగ్గా నడినెత్తి మీదికి వచ్చింది.

"ఆపండి!" ఇన్‌ఛార్జి అరుపు రేకుల్లో ప్రతిధ్వనించింది. "తిప్పొద్దని చెప్పండి! దాంట్లో మార్చలేదు! దేంట్లోనూ మార్చలేదు! మా వాడు చచ్చిపోతాడు మేడం, మీకు దణ్ణం పెడతాను!"

దణ్ణం పెడుతూనే నేల మీద కూర్చుండిపోయాడు. పానా వెంటనే పక్కన కూర్చుని ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"ఆయన తల్లకిందులు చెయ్యరు. రెక్క ట్యాంకు మీద పెట్టి నిటారుగా రెండు చుట్లు కొట్టి దిగమని నేనే చెప్పాను. దిగిపోతున్నారు, వినండి."

ఇంజిన్ చప్పుడు తగ్గుతూ తగ్గుతూ నేలమట్టానికి వచ్చింది. ఇన్‌ఛార్జి రెండు చేతుల్లో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. టై గోడకి ఆనుకున్నాడు. ఆయన చొక్కా చెమటకి తడిసి ఒంటికి అంటుకుపోయింది.

"మీతో పెట్టుకుంటే నాకు గుండెజబ్బు ఖాయం," అన్నాడు. "నాకైనా చెప్పొచ్చు కదా?"

"చెబితే మీ మొహం చూసి కనిపెట్టేసేవాడు. మీకు అబద్ధం దాచడం రాదు," అంది పానా. ఆయన జీవితంలో ఆవిడ నోటివెంట విన్న మొదటి మెచ్చుకోలు అదే.

మూడుంపావుకి పసుపు విమానం పొట్ట ట్యాంకు విప్పారు. విప్పింది హెడ్ ఇన్‌స్ట్రక్టరు, రాసుకుంది టై. తోక బయటికి వచ్చింది. పానా దాన్ని ఒక చివర పట్టుకుని గాల్లోకి లేపింది. ఇత్తడి బరువు కిందికి జారలేదు. రబ్బరు కట్టెలా బిగుసుకుపోయి, బరువుతో సహా అడ్డంగా నిలబడింది. దాని మీద అచ్చు వేసిన తయారీ సంవత్సరం టై చదివాడు. పదకొండేళ్ల కిందటిది. ఎర్ర విమానంలోంచి తీసిన పాత తోక ఎక్కడ పారేసినా ఇక ఫరవాలేదు. దాని కవల ఇక్కడ ఉంది.

హెడ్ ఇన్‌స్ట్రక్టరు బావగారి వైపు చూశాడు. "కొత్త తోకలు లేవా బావా?"

"ఉన్నాయిరా. మూడిట్లో ఒకటి మొన్న ఎర్రదానికి బిగించాను, రెండు బీరువాలోనే ఉన్నాయి," అన్నాడు ఇన్‌ఛార్జి నేల చూస్తూ. "ఫిర్యాదు రాగానే మారుద్దామనే మూడూ తీశాను. వద్దన్నారు."

పానా చేతిలో తోకని కింద పెట్టింది. "ఎవరు?"

ఇన్‌ఛార్జి జేబులోంచి పర్సు తీసి, అందులోంచి నాలుగు మడతల చీటీ ఒకటి తీశాడు. ఎనిమిది రోజులుగా చెమటకి అంచులు నలిగి ఉన్నాయి. "చింపెయ్యమన్నారు. ఎందుకో చేతులు రాలేదు."

టై అందుకుని పైకే చదివాడు. "'ప్రదర్శనకి మూడు విమానాలూ కావాలి. అది అయ్యేదాకా ట్యాంకులు విప్పొద్దు. మార్చినట్టు రాసి సంతకం పెట్టెయ్యి.'" కింద ఉన్న పొడి అక్షరాలు చూసి ఆయన చీటీని వెలుతురుకి దగ్గరగా పెట్టుకున్నాడు. తన రిపోర్టు తొందరగా ఇమ్మని నాలుగు రోజులుగా రోజుకి రెండుసార్లు ఫోన్ చేస్తున్న మనిషి చేతిరాత అది. మరో ముప్పావుగంటలో విచారణ కుర్చీలో కూర్చోబోతున్నదీ ఆ మనిషే.

టై తన రిపోర్టుని నిలువునా చింపాడు. కొత్త కాగితం అడిగి, విమానం రెక్క మీదే పెట్టుకుని రాయడం మొదలుపెట్టాడు. పానా ఆసుపత్రికి ఫోన్ కలిపింది.

"టీచరు గారూ, ఫోన్ అమ్మాయి చెవి దగ్గర పెట్టండి." ఆ వైపు ఊపిరి వినబడగానే చెప్పింది. "నువ్వు ఏదీ మర్చిపోలేదమ్మా. మీట సరిగ్గా ఎప్పుడు తిప్పాలో అప్పుడే తిప్పావు. కంచె అవతల నిలబడ్డవాళ్లంతా ఇవాళ ఇళ్లల్లో ఉన్నారంటే అందుకే. తప్పు ఎవరిదో కాగితం మీద ఉంది. నాలుగున్నరకల్లా నీకు కబురొస్తుంది."

ముందు చిన్న వెక్కు, తర్వాత దాని మీదుగా అత్తగారి గొంతు వినబడింది. "ఏడవనివ్వండి. నాలుగు రోజుల్నుంచీ బిగబట్టుకుంది."

నాలుగింటికి రెండు నిమిషాల ముందు క్లబ్బు సమావేశం గది తలుపు తెరుచుకుంది. పొడవాటి బల్ల వెనక ఆరుగురు సభ్యులు, మధ్య కుర్చీలో ప్రెసిడెంటు. ఎదురుగా తన బీమా పరిశోధకుణ్ణి చూసి చల్లగా నవ్వాడు. ఆ వెనక పానానీ, ఇన్‌ఛార్జినీ, బావమరిదినీ చూసి ఆ నవ్వు కాస్త సడలింది.

"విచారణ మొదలుపెడదాం," అన్నాడు. "పైలట్ తరఫున ఎవరైనా వచ్చారా?"

పానా నోరు తెరిచేలోపే టై ఒక అడుగు ముందుకు వేశాడు.

"నేనొచ్చాను."

పసుపు విమానం తోకని బల్ల మీద పెట్టాడు. అది వంగకుండా, ఒరగకుండా కర్రలా పడుంది. దాని పక్కన చీటీ మడతలు విప్పి, అక్షరాలు సభ్యుల వైపు ఉండేలా పరిచాడు. ఆరు తలలూ ఒక్కసారిగా ముందుకు వంగాయి.

"విచారణ తప్పకుండా చేద్దాం సార్," అన్నాడు టై. "కాకపోతే ముందు మీరు ఆ కుర్చీలోంచి లేవాలి."

ప్రెసిడెంటు చూపు తన పొడి అక్షరాల మీద ఆగింది. కుర్చీ కాళ్లు గచ్చు మీద గీసుకుంటూ వెనక్కి జరిగిన చప్పుడు గదంతా వినబడింది.